సభ్యుల పట్టిక కంప్యూటర్‌కి ఎక్కించే ముందు గడులు సరిగా గీయించండి

మన సంఘాల్లో చాలావాటి సభ్యుల వివరాలు ఇంకా పాత రిజిస్టర్లలోనే ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌కి ఎక్కిస్తామని మన పిల్లలే ముందుకొస్తున్నారు, సంతోషం. పైథాన్‌లో రాసేవాళ్లు చాలామంది ఇందుకు ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ అనే లైబ్రరీ వాడతారు. 2006 నుంచి ఉన్నది, ఉచితం. ప్రోగ్రాం వాళ్లు రాసుకుంటారు గానీ, ‘మెటాడేటా’ రాసేటప్పుడు మాత్రం కార్యవర్గంలో ఒకరు పక్కన కూర్చోవాలి.

మెటాడేటా అంటే సమాచారం కాదు, సమాచారం ఏ రూపంలో ఉండాలో చెప్పే వివరం. ఆఫీసులో కొత్త రిజిస్టరు తెరిస్తే గడులు గీసి, పైన శీర్షికలు రాసి, ఏ గడి ఖాళీగా వదలకూడదో చెప్పేవాళ్లం, అదే పని. ఒక్కో పట్టికకు ఒక్కో క్లాస్ రాసి పట్టిక పేరు, కాలమ్‌లు, వాటి రకాలు చెబుతారు. లైబ్రరీ వాటన్నిటినీ ఒకచోట పోగుచేసుకుంటుంది. ‘క్రియేట్ ఆల్’ అని ఆజ్ఞ ఇస్తే డేటాబేస్‌లో పట్టికలు తయారవుతాయి. కుటుంబాల పట్టిక ముందు, దానిమీద ఆధారపడిన సభ్యుల పట్టిక తర్వాత. ఆ వరుస అదే చూసుకుంటుంది.

చిక్కంతా పేర్ల దగ్గరే. ఇంటిపేరుకి విడిగా కాలమ్ పెట్టించండి. పొడవు 20 అని రాస్తే ఇరవై అక్షరాలు పడతాయనుకుంటాం. ‘శ్రీనివాసరావు’ మన కంటికి ఆరు అక్షరాలే. మైఎస్‌క్యూఎల్ మాత్రం హల్లునీ, పొల్లునీ, గుణింతపు గుర్తునీ విడివిడిగా లెక్కపెట్టి 13 అంటుంది. 100 పెట్టించండి, నష్టం లేదు.

అంతకంటే ముఖ్యం లిపి. మైఎస్‌క్యూఎల్ 8కి ముందు వెర్షన్లలో ఏమీ చెప్పకపోతే లాటిన్1 పద్ధతి తీసుకుంటుంది. అందులో తెలుగుకి చోటు లేదు. సెట్టింగును బట్టి ఎర్రర్ చూపిస్తుంది, లేదా పేరు బదులు వరసగా ప్రశ్నార్థకాలు రాసుకుంటుంది. అలా పోయిన పేరు మళ్లీ రాదు. ఇంగ్లీషులో రాసుకుంటే పోయె అనేవాళ్లుంటారు, తెలుగు సంఘం పట్టికలో తెలుగు పేరు లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది? టేబుల్ ఆర్గ్స్‌లో క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 అని రాయించండి.

పుట్టిన తేదీ కాలమ్ ‘డేట్’ రకంగా ఉండాలి, ‘స్ట్రింగ్’ కాదు. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతోంది. హోసూరులోనైనా బరంపురంలోనైనా తెలుగు బడి కోసం అర్జీ పెడితే, బడి ఈడు పిల్లలు ఎంతమంది అనేదే మొదటి ప్రశ్న. తేదీలు తేదీలుగా ఉంటే ఆ లెక్క క్షణంలో వస్తుంది. అయితే పెద్దవాళ్లలో చాలామందికి సరైన తేదీ తెలియదు. కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేందుకు వీలుండాలి, ‘నల్లబుల్’ అంటారు. తప్పనిసరి చేస్తే పెద్దలంతా జనవరి 1నే పుట్టినట్టు తేలుతుంది.

సభ్యుడి గుర్తుగా ఫోన్ నంబరు పెట్టనివ్వకండి. ఇంట్లో నలుగురికీ ఒకే ఫోను ఉండే కుటుంబాలు మనకు తెలియనివి కావు. విడిగా క్రమసంఖ్య ఉండాలి.

ఇంకొకటి. పట్టిక తయారయ్యాక క్లాస్‌లో కొత్త కాలమ్ చేర్చి మళ్లీ ‘క్రియేట్ ఆల్’ అన్నా, అది ఉన్న పట్టికను ముట్టుకోదు, ఫిర్యాదు కూడా చెయ్యదు. అలాంటి మార్పులకు అలెంబిక్ అనే మరో సాధనం నేర్చుకోవాలి. అందుకే శీర్షికలు ముందే కాగితం మీద రాసి కార్యవర్గం ముందు పెట్టండి. తర్వాత మీ రిజిస్టరులోని అయిదు పొడవైన పేర్లు ఎక్కించి, తిరిగి తెరిచి, అక్షరం అక్షరం సరిచూసుకోండి.