రోజూ అదే అరటిపండు!

పెట్టింది ముట్టకుండా పిల్లలు లేచిపోతే మనకు బెంగ. వాళ్లసలు భోజనానికే రాకపోతే సంబరపడేవాళ్లు ఎక్కడైనా ఉంటారా? ఉన్నారు, మలేసియాలోని సెపిలోక్‌లో. అక్కడ ఒరాంగుటాన్‌లకు రోజూ ఉదయం పదింటికి, మధ్యాహ్నం మూడింటికి పళ్లు పెడతారు. ఏ రోజైనా అవి రాకపోతే, అడవిలోనే కడుపు నిండిందని సంతోషిస్తారు.

మలయ్ భాషలో 'ఒరాంగ్' అంటే మనిషి, 'హుతాన్' అంటే అడవి. అడవి మనిషన్నమాట! తోక లేదు కాబట్టి కోతి అనడానికి లేదు. చింపాంజీ, గొరిల్లాల కోవలోది. బోర్నియో, సుమత్రా దీవుల అడవుల్లో తప్ప ఇంకెక్కడా స్వేచ్ఛగా తిరగదు. బోర్నియోలో సాండకాన్ అనే ఊరి దగ్గర, 43 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యం అంచున 1964లో ఈ కేంద్రం పెట్టారు.

మా యారాలు, అంటే తోడికోడలి కొడుకు కౌలాలంపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అతని దగ్గరికి వెళ్లినప్పుడు అక్కడినుంచి విమానంలో సాండకాన్ వెళ్లాం. సెపిలోక్ గేటు దగ్గరే బ్యాగులన్నీ లాకర్లో పెట్టమన్నారు. తినేదేదీ లోపలికి తీసుకెళ్లకూడదు. అక్క మంచిర్యాల నుంచి మోసుకొచ్చిన పల్లీపట్టీలు కూడా బయటే ఆగిపోయాయి. మన జలుబు కూడా వాటికి అంటుకుంటుందట, అందుకే దగ్గరికి వెళ్లనివ్వరు.

చెక్కబాట మీద నడిచి వెళ్తే, చెట్ల నడుమ ఓ చెక్క అరుగు, దానికి అటూఇటూ కట్టిన తాళ్లు. ఉద్యోగి వచ్చి పళ్లు గుమ్మరించాడు. కాసేపటికి ఒక తాడు ఊగింది. ఎర్రజుట్టు తల్లి, పొట్టకు కరుచుకున్న బిడ్డ. తొందరేమీ లేదామెకు. ఒక కాలితో తాడు పట్టుకుని వేలాడుతూనే తీరిగ్గా అరటిపండు వలుచుకుంది. బిడ్డ తల్లి నోట్లో ముక్కే లాక్కుని తినేసింది. అంతమందిమి ఉన్నాం, ఒక్కరు మాట్లాడితే ఒట్టు.

"పాపం, రోజూ అవే పెడితే మొహం మొత్తదా?" అంది అక్క.

"మొత్తాలనే" అన్నాడు గైడు, ఆమె ప్రశ్న వాళ్లబ్బాయి ఇంగ్లీషులో చెప్పగానే.

విషయమంతా అక్కడే ఉంది. నోరూరించే రకాలు పెడితే అరుగు వదలవు. చప్పగా ఉంటేనే అత్తిపళ్లు, చిగుళ్లు, చెదపురుగులు వెతుక్కుంటూ పోతాయి. ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో, రాత్రి పడుకోవడానికి కొమ్మలతో గూడెలా అల్లుకోవాలో నేర్పేది తల్లే. ఆరేడేళ్లు వెంటే తిప్పుకుంటుంది. అందుకే కాన్పుకూ కాన్పుకూ మధ్య ఏడెనిమిదేళ్లు. పెంచుకోవడానికో అమ్ముకోవడానికో పిల్లను పట్టాలంటే తల్లిని చంపాల్సిందే, ఆమె బతికుండగా వదలదు. అలా అనాథలైనవే చాలావరకు సెపిలోక్ చేరతాయి. అక్కడి నర్సరీలో తాడెక్కడం, కొమ్మ పట్టుకోవడం మనుషులు నేర్పుతున్నారు. తల్లి ఊరికే చేసే పనిని జీతమిచ్చి చేయించాల్సి వస్తోంది.

అడవి తరగడానికి కలప ఒక కారణమైతే, పామాయిల్ మరొకటి. ఆ నూనె ప్రపంచంలో అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశమే. ఒకప్పుడు రేషన్ షాపులో తెచ్చుకున్న పామోలిన్ మనకు గుర్తే కదా. ఇప్పుడు బిస్కెట్లలో, సబ్బుల్లో కూడా అదే. చౌకనూనె కొనుక్కునే ఇల్లాలిని తప్పుపట్టడం నాకిష్టం లేదు. ఉన్న అడవి నరకకుండా తోట వేయమని కంపెనీలను అడగాల్సింది ప్రభుత్వాలు.

మన చేతిలో ఉన్నది ఇంకొకటుంది. మంచిర్యాల నుంచి లక్సెట్టిపేట మీదుగా జన్నారం వెళ్లండి. కవ్వాల్ అడవి వస్తుందనగానే కార్లు ఆగుతాయి. బిస్కెట్లు, అరటిపళ్లు, గుడిలో కొట్టిన కొబ్బరిచిప్పలు రోడ్డు మీద పడతాయి. పుణ్యమని మన నమ్మకం. పిల్లలను ఎత్తుకున్న తల్లికోతులు బండ్ల కిందికి ఉరుకుతాయి. అలవాటు పడ్డవి ఊళ్లమీద పడి మక్కచేను దులుపుతాయి, పెంకులు పీకుతాయి. అప్పుడు మళ్లీ మనమే కర్రలు పడతాం. నిర్మల్ దగ్గర చించోలిలో కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసి వదిలే కేంద్రం 2020లో పెట్టాల్సి వచ్చింది. సెపిలోక్‌లో అడవిలోకి పంపడానికి తిండి పెడుతున్నారు, మనం అడవిలోంచి రప్పించడానికి పెడుతున్నాం.

మొన్న జన్నారం దారిలో డ్రైవర్ అలవాటుగా బండి స్లో చేశాడు. "అరటిపండ్లు ఇయ్యుర్రమ్మా, కోతులకు ఏస్త" అన్నాడు. అక్క సంచి ఒళ్లోకి లాక్కుంది.

"వాటికి అడవిల దొరుకుతయి గానీ, నువ్వు ముందుకు పోనియ్యి బిడ్డా!"