విప్పిన ఇంజను తిరిగి నడవాలంటే... మోటారు మెకానిక్ శిక్షణలో తొలి పాఠాలు

రాజమహేంద్రవరం (ప్రత్యేక వ్యాసం):

గోదావరి డెల్టా ప్రజల దైనందిన జీవనం నేడు మోటారు వాహనాలతో విడదీయరానిదిగా పెనవేసుకుని ఉన్న విషయం విదితమే. కోనసీమ కొబ్బరి, భీమవరం పరిసర చెరువుల చేపలు, రొయ్యలు, కడియం నర్సరీల మొక్కలు, సార్వా, దాళ్వా పంటల ధాన్యం మార్కెట్లకు చేరుతున్నది ప్రధానంగా వాహనాల పైనే. ఊరిలో రోగికి అత్యవసరం ఏర్పడిన వేళ ముందుగా గుర్తుకు వచ్చేది అద్దె కారు. ఆ కారు ఇంజను ఆగిన నాడు దానిని నమ్ముకున్న కుటుంబ ఆదాయం కూడ ఆగిపోతుంది. ఈ దృష్ట్యా ఇంజనును విప్పి, లోపాన్ని గుర్తించి, తిరిగి బిగించగల నిపుణుల అవసరం ఎంతైనా ఉంది. కొత్తగా చేరిన శిక్షణార్థి ఈ పనిని ఏ క్రమంలో నేర్చుకుంటారో, అందులో మెళకువలు ఎక్కడ ఉన్నాయో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

డెల్టాకు యంత్ర విద్య కొత్త కాదు

సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ప్రారంభమై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట ఈ ప్రాంతానికి నీటితో పాటు యంత్ర పనిని కూడ పరిచయం చేసింది. ఆనకట్ట, కాలువల అవసరాల కొరకు ధవళేశ్వరంలో కార్ఖానా నెలకొల్పబడి, ఇనుప పని, వడ్రంగం తెలిసిన వారికి ఉపాధి కల్పించింది. అనంతర కాలంలో డీజిలు పంపుసెట్లు, రైసు మిల్లులు, మర పడవలు, బస్సులు, లారీలు రావడంతో మరమ్మతు పని విస్తరించింది. నేడు ప్రతి పట్టణంలోను షెడ్డులో మేస్త్రి వద్ద పని నేర్చుకునే యువకులు కనిపిస్తారు. షెడ్డులో చేతికి అలవాటు త్వరగా అబ్బుతుంది. కొలత, కారణం, క్రమం మాత్రం పద్ధతి ప్రకారం చెప్పే వారుంటేనే పట్టుబడతాయి. ఈ రెంటినీ కలిపి బోధించడమే పారిశ్రామిక శిక్షణ సంస్థల లక్ష్యం.

రెండేళ్ల శిక్షణ

1950లో ప్రారంభమైన జాతీయ వృత్తి శిక్షణ పథకం కింద ఐ.టి.ఐ.లలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండు సంవత్సరాల పాటు, మెకానిక్ డీజిల్ ట్రేడ్ ఒక సంవత్సరం పాటు బోధించబడుతున్నాయి. పదవ తరగతి ఉత్తీర్ణులైన బాలురు, బాలికలు ఇందులో చేరవచ్చు. తొలి వారాలలో ఇంజను జోలికి పోనివ్వరు. భద్రతా నియమాలు, పనిముట్ల వాడకం, ఆకురాయి పట్టడం, వెర్నియర్, మైక్రోమీటర్లతో కొలవడం ముందుగా నేర్పుతారు. ఇంజను వద్దకు వెళ్లాలన్న ఉత్సాహంతో ఉన్న విద్యార్థులకు ఇది విసుగు పుట్టించినా, తరువాతి పని అంతా ఈ పునాది పైనే నిలుస్తుంది.

అభ్యాసానికి చిన్న ఇంజను అనువుగా ఉంటుంది. 1983 డిసెంబరులో విడుదలై, 2014 ఆరంభంలో ఉత్పత్తి నిలిచిపోయిన మారుతి 800 కారు ఇందుకు చక్కని ఉదాహరణ. 796 సి.సి. సామర్థ్యం, మూడే సిలిండర్లు గల ఆ ఇంజనులో భాగాలు తక్కువ. కంప్యూటరు నియంత్రణ లేని పాత కార్బురేటర్ రకమైతే ప్రతి భాగం పనినీ కంటితో చూసి గ్రహించవచ్చు.

విప్పడానికి ముందే రోగ నిర్ధారణ

ఇంజను విప్పవలసిన అవసరం ఉన్నదా అన్నదే శిక్షణార్థి వేసుకోవలసిన మొదటి ప్రశ్న. పొగ గొట్టం నుండి నీలి పొగ వస్తే ఆయిల్ మండుతున్నదని, నల్లని పొగ అయితే ఇంధనం ఎక్కువవుతున్నదని, ఇంజను వేడెక్కిన తరువాత కూడ దట్టమైన తెల్లని పొగ వస్తుంటే రేడియేటర్ నీరు లోపలికి చేరుతున్నదని అనుమానించాలి.

పిమ్మట ఒక్కొక్క సిలిండరులో కంప్రెషన్ గేజితో ఒత్తిడి కొలుస్తారు. ఒక సిలిండరులో ఒత్తిడి తగ్గినట్లు తేలితే అందులో కొద్దిగా ఆయిల్ పోసి తిరిగి కొలవాలి. ఒత్తిడి పెరిగితే లోపం రింగులలోనో, బోరులోనో ఉన్నట్లు. పెరగకపోతే వాల్వులు, లేదా హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిన్నట్లు భావించాలి. పది నిమిషాల ఈ పరీక్ష వల్ల హెడ్డు మాత్రమే దించితే సరిపోతుందా, ఇంజను మొత్తం దించాలా అన్నది ముందే తెలుస్తుంది. యజమానికి వేల రూపాయలు మిగిలేదీ, మెకానిక్‌పై నమ్మకం కుదిరేదీ ఇక్కడే.

విప్పడంలో క్రమశిక్షణ

బ్యాటరీ తీగ తొలగించడం, ఆయిల్, రేడియేటర్ నీరు వేర్వేరు పాత్రలలోనికి తీయడంతో పని మొదలవుతుంది. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాతనే హెడ్డు బోల్టులు విప్పాలి. వాటిని చివరల నుండి మధ్యకు, ఒక్కొక్కటిగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. ఒక పక్క మాత్రమే ఒక్కసారిగా విప్పితే హెడ్డు వంకర తిరిగే ప్రమాదం ఉన్నది.

విప్పిన ప్రతి భాగం ఏ సిలిండరుదో, ఏ స్థానానిదో గుర్తు పెట్టడం తప్పనిసరి. పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, వాల్వులు సంవత్సరాల తరబడి తమ తమ స్థానాలలో ఒరుసుకుని అమరి ఉంటాయి. ముఖ్యంగా క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ మూతలు బ్లాకుకు బిగించిన స్థితిలోనే కర్మాగారంలో బోరు చేయబడతాయి. ఒక మూతను మరొక చోట గాని, వెనుక ముందులుగా గాని బిగిస్తే రంధ్రం గుండ్రదనం చెడి, క్రాంక్‌షాఫ్ట్ బిగుసుకుపోవచ్చు, బేరింగులు కాలిపోవచ్చు. బయటికి కనిపించని ఈ పొరపాటు కారు రహదారిపై వేగంగా వెళ్తున్నపుడు బయటపడుతుంది. కనుకనే బోధకులు శిక్షణార్థులచే భాగాలను బల్లపై వరుసలో పేర్పించి, పుస్తకంలో బొమ్మ గీయిస్తారు. మొబైల్ ఫోనుతో ఫోటోలు తీసుకోవడం కూడ ఇప్పుడు ఉపకరిస్తున్నది.

కంటికి కనిపించనిది కొలతకు చిక్కుతుంది

శుభ్రం చేసిన భాగాలు చూపునకు కొత్తవిగా కనిపించవచ్చు. అవి పనికి వస్తాయో రావో తేల్చేది కొలత మాత్రమే. పిస్టన్ నిలువునా కదిలినా, కనెక్టింగ్ రాడ్ ఏటవాలు తోపు వల్ల సిలిండరు గోడ ఒక దిశలో ఎక్కువగా అరుగుతుంది. పై భాగంలో వేడి అధికం, ఆయిల్ తక్కువ కావడం వల్ల అక్కడ అరుగుదల మరింత ఎక్కువ. ఈ కారణంగా బోరును పైన, నడుమ, దిగువన మూడు చోట్ల, ప్రతి చోట ఒకదానికొకటి అడ్డంగా ఉన్న రెండు దిశలలో, మొత్తం ఆరు కొలతలు తీసుకుంటారు. అరుగుదల తయారీదారు నిర్ణయించిన హద్దు దాటితే లేత్ పనివారి వద్ద రీబోరింగ్ చేయించి, 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు పిస్టన్లు వేయవలసి ఉంటుంది.

క్రాంక్‌షాఫ్ట్‌కు, బేరింగుకు మధ్య ఆయిల్ పొర నిలిచే సందు మిల్లీమీటరులో కొన్ని నూరవ వంతులు మాత్రమే. సందు ఎక్కువైతే ఆయిల్ ఒత్తిడి పడిపోతుంది, తక్కువైతే పొర నిలువదు. అందుకే ఇక్కడ అందాజుకు చోటు లేదు.

బిగించడమే అసలు పరీక్ష

బిగింపునకు ముందు పరిశుభ్రత ముఖ్యం. ఇసుక రేణువు ఒక్కటి బేరింగులో చిక్కినా గీత పడుతుంది. పిస్టన్ పై గల బాణం గుర్తు ఇంజను ముందు వైపునకు ఉండాలి. రింగులపై అక్షరాలు గల ముఖం పైకి రావాలి. రింగుల చీలికలన్నీ ఒకే వరుసలోకి రాకుండ ఎడంగా తిప్పి అమర్చాలి, లేనిచో మండిన వాయువు సూటిగా దిగువకు జారుతుంది.

హెడ్డు బోల్టులు విప్పేటప్పటి క్రమానికి భిన్నంగా, మధ్య నుండి చివరలకు, రెండు మూడు దఫాలుగా, టార్క్ రెంచితో బిగించాలి. చేతి బలాన్ని నమ్ముకుని బిగించిన బోల్టు తెగవచ్చు, వదులుగా ఉన్నది గ్యాస్కెట్‌ను కాల్చవచ్చు.

ఇక టైమింగ్. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి. గుర్తులు ఒక్క పన్ను తప్పినా ఇంజను సరిగా నడవదు, ఎక్కువ తప్పితే కొన్ని ఇంజన్లలో పిస్టన్ వాల్వులను తాకి వంచుతుంది. అందువలన తాళం తిప్పడానికి ముందు క్రాంక్‌షాఫ్ట్‌ను చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పి, ఎక్కడా తగలడం లేదని నిర్ధారించుకోవాలి. స్పార్క్ తీగలు కూడ మంట క్రమం ప్రకారం కలపాలి. మూడు సిలిండర్ల మారుతి 800లో ఇది 1-3-2, నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఎక్కువ వాటికి 1-3-4-2. ఇంజను మొదటిసారి నడిచిన వెంటనే ఆయిల్ హెచ్చరిక దీపం ఆరిందో లేదో చూడాలి. ఆరకపోతే తక్షణం ఆపివేయాలి.

వరదల వేళ ఈ విద్య విలువ

1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా, 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహించింది. ఇటువంటి సందర్భాలలో నీట మునిగిన వాహనాన్ని వెంటనే స్టార్ట్ చేయబూనడం పెద్ద నష్టానికి దారి తీస్తుంది. గాలి వలె నీరు కుదించుకుపోదు. సిలిండరులో నీరు ఉండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. బ్యాటరీ తీగ తొలగించి, పెట్రోలు ఇంజనులో స్పార్క్ ప్లగ్గులు, డీజిలు ఇంజనులో ఇంజెక్టర్లు తీసి, క్రాంక్‌షాఫ్ట్‌ను చేతితో తిప్పి నీటిని వెలుపలికి పంపాలి. ఆయిల్ పాల రంగులోకి మారితే నీరు కలిసినట్లే, దానిని పూర్తిగా మార్చాలి. సముద్ర తీర గ్రామాలలో ఉప్పు నీరు చేరిన ఇంజను త్వరగా తుప్పు పడుతుంది గనుక ఆలస్యం తగదు. ఈ కొద్దిపాటి పరిజ్ఞానం గల మెకానిక్ ఊరికి ఒక్కరున్నా ఎన్నో వాహనాలు భారీ మరమ్మతు నుండి బయటపడతాయి.

వాడిన ఆయిల్ విషయంలోను జాగ్రత్త అవసరం. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం దానిని అనుమతి పొందిన శుద్ధి సంస్థలకే అప్పగించాలి. డెల్టాలో సాగుకు, తాగునీటి చెరువులకు ఆధారం కాలువలే. వాటిలో ఆయిల్ పారబోయరాదన్నది శిక్షణార్థికి తొలినాడే చెప్పవలసిన పాఠం.

శిక్షణ అనంతరం

ఉత్తీర్ణులైన వారు 1961 అప్రెంటిస్ చట్టం కింద ఆర్టీసీ డిపోలలో, వాహన సంస్థల సర్వీసు కేంద్రాలలో అప్రెంటిస్‌లుగా చేరి స్టైపెండుతో పని నేర్చుకోవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుండి బి.ఎస్.-6 ప్రమాణాలు అమలులోకి రావడంతో కొత్త వాహనాలలో సెన్సార్లు, ఎలక్ట్రానిక్ నియంత్రణలు పెరిగాయి, విద్యుత్ వాహనాలు కూడ రహదారులపైకి వస్తున్నాయి. కంప్యూటరు యంత్రం లోపం ఎక్కడున్నదో సూచించగలదు. రింగు అరిగిందో, వాల్వు కాలిందో కొలిచి తేల్చవలసినది మనిషే. విప్పిన భాగాన్ని గుర్తు పెట్టడం, కొలవడం, క్రమం తప్పక బిగించడం అలవాటైన చేతికి ఏ కొత్త యంత్రమైనా పట్టుబడుతుంది. పదవ తరగతి అనంతరం దారి వెతుక్కుంటున్న డెల్టా యువతీ యువకులకు ఈ విద్య గౌరవప్రదమైన జీవనోపాధి కాగలదనడంలో సందేహం లేదు.