గుర్రం చెప్పిన కథ

నలమహారాజు అశ్వహృదయం ఎరిగినవాడని భారతకథ చెబుతున్నది. ఋతుపర్ణునికి ఆ విద్య నొసగి, బదులుగా అక్షహృదయం గ్రహించిన వృత్తాంతం తెలుగు పాఠకులకు క్రొత్త కాదు. గుర్రాన్ని తోలడం ఒక విద్య. గుర్రం మనసు తెలియడం వేరొక విద్య. ఈ రెండవ విద్యను పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో, సరిగా నడువలేని ఒక స్త్రీ అలవరచుకొన్నది. ఆమె అన్నా స్యూయెల్. ఆమె వ్రాసిన ఏకైక నవల ‘బ్లాక్ బ్యూటీ’.

స్యూయెల్ 1820లో నార్ఫోక్ సీమలోని గ్రేట్ యార్మత్ పట్టణంలో జన్మించినది. పదునాలుగవ యేట, వానలో బడినుండి ఇంటికి వస్తూ జారిపడగా చీలమండలు దెబ్బతిన్నవి. నాటినుండి జీవితాంతం ఎక్కడికి పోవలెనన్నా గుర్రపుబండియే దిక్కు. తన కాళ్ళకు మారుగా నడిచిన ఆ మూగజీవుల కష్టాన్ని ఆమె మరువలేదు. 1871 మొదలు 1877 వరకు, వ్యాధితో కృశిస్తూనే, ఓపిక కలిగిన నాడు కాగితపు ముక్కలపై వ్రాసి, లేని నాడు తల్లికి చెప్పి వ్రాయించి, నవలను ముగించినది. 1877 నవంబరులో అది వెలువడినది. ఐదు నెలలకే, 1878 ఏప్రిల్‌లో, ఆమె కన్నుమూసినది.

ఆ నవలలో కథ చెప్పేది గుర్రమే. గుర్రపు భాషనుండి అనువదించిన కథ అని తొలి ముద్రణ ముఖపత్రం చెబుతున్నది; అనగా రచయిత్రి తన్ను కేవలం అనువాదకురాలినిగా చెప్పుకొన్నది. పైగా ఆమె దీనిని పిల్లల వినోదానికని తలపెట్టలేదు. గుర్రాలతో పనిచేసేవారి హృదయం కరగవలెననియే ఆమె కోరిక. నాటి సంపన్నులు బండిగుర్రాల తలలు ఠీవిగా నిలువవలెనని మెడలను ఒక ప్రత్యేకమైన పగ్గంతో పైకి బిగించి కట్టించేవారు. చూపరులకు అది సొగసు. గుర్రానికి మాత్రం మెట్ట ఎక్కేటప్పుడు తల వంచి బలం పెట్టే వీలుండదు, ఊపిరి సలపదు. ఈ దురాచారంపై ప్రజాభిప్రాయం మరలడానికి ఈ పుస్తకం ఎంతో తోడ్పడినది.

బ్యూటీకి తోడుగా జింజర్ అనే ఆడుగుర్రం ఉన్నది. చిన్ననాటినుండి దెబ్బలు తిని కోపిష్ఠిగా మారిన ఆ ప్రాణి తుదకు లండన్ వీధులలో అద్దెబండికి కట్టుబడి క్షీణిస్తుంది. ఒకనాడు బండిపై తరలిపోతున్న గుర్రపు కళేబరాన్ని చూచి, అది జింజరే అనుకొని, దాని బాధ తీరినదిగదా అని బ్యూటీ ఊరట చెందుతుంది. మిత్రుని మృతికి సంతసింపవలసి రావడంకంటె దుఃఖమేమున్నది?

ఇట్టి కథ వెండితెరకు ఎక్కినప్పుడు పెద్ద చిక్కు ఎదురైనది. కలం గుర్రంలోపల ప్రవేశించగలదు; కెమేరా బయటనే నిలుస్తుంది. 1921లోనే ఇది మూకీచిత్రంగా వచ్చినది. 1946లో మాక్స్ నోసెక్ తీసిన చిత్రంలో కథ ఒక బాలికదిగా మారినది. గుర్రం ఆమె ప్రేమకు పాత్రమైనదే గాని, తన గోడు తాను చెప్పుకోలేదు. 1971లో జేమ్స్ హిల్ తీసిన చిత్రంలో గుర్రం చేతులు మారుతూ సర్కసు వరకు పోతుంది. సాహసాలు పెరిగినవి, స్వరం మాత్రం లేదు. 1994లో కరోలిన్ థాంప్సన్ ఆ స్వరాన్ని తిరిగి ఇచ్చినది. నటుడు అలన్ కమ్మింగ్ గొంతుతో బ్యూటీ తన కథ తాను చెప్పుకొంటుంది. జింజర్ దుఃఖమూ కథకు గుండెకాయగా నిలుస్తుంది.

మాట ఉన్నంతమాత్రాన చిత్రం గొప్పది కాదు; మాట లేనంతమాత్రాన కొరగానిదీ కాదు. వాల్టర్ ఫార్లే 1941లో వ్రాసిన ‘ది బ్లాక్ స్టాలియన్’ నవలను 1979లో కారొల్ బల్లార్డ్ తెరకెక్కించినాడు. ఓడ మునిగి, ఒక బాలుడూ ఒక గుర్రమూ నిర్జన ద్వీపం చేరుతారు. అక్కడి ఘట్టాలు చాలసేపు దాదాపు మాటలే లేకుండా నడుస్తవి. భయం చనువుగా, చనువు చెలిమిగా మారడాన్ని కెమేరా తొందరపడక చూచినది. అశ్వహృదయం తెలియడానికి అదియు ఒక మార్గమే. కనుక అడుగవలసిన ప్రశ్న వేరు: గుర్రం బాధ కథకు ప్రాణమా, లేక మనుషుల కథకు అలంకారమా?

ఈ ప్రశ్న తెర వెనుకకు కూడ వర్తిస్తుంది. 1939 నాటి ‘జెస్సీ జేమ్స్’ చిత్రానికై ఒక గుర్రాన్ని కొండచరియనుండి నీటిలోకి దూకించగా అది మరణించినది. ప్రజలలో అలజడి చెలరేగినది. 1940నుండి అమెరికన్ హ్యూమేన్ సంస్థ హాలీవుడ్ చిత్రాలలో జంతువుల రక్షణను కనిపెట్టసాగినది. గుర్రాల బాధను చూపే చిత్రం గుర్రాలను బాధిస్తే అంతకు మించిన ద్రోహం లేదు.

ఇట్టి చిత్రాన్ని విద్యార్థులకు చూపిన ఉపాధ్యాయుడు అంతటితో ఆగరాదు. కథ ఎవరు చెప్పినారు, ఎవరి గోడు వినబడలేదు అని అడుగవలెను. పిమ్మట ప్రతి విద్యార్థిచేతనూ ఒక పుట వ్రాయించవలెను: బరువుబండి లాగుతూ గట్టు ఎక్కే ఎద్దు తన మాటలలో ఏమి చెబుతుందో. ఆ పుట వ్రాసిన బాలుడు ములుగర్ర ఎత్తేముందు ఒక క్షణం ఆగితే, అన్నా స్యూయెల్ మంచంపై గడిపిన ఆ ఏండ్లు సార్థకమైనట్లే.