జీబ్రా క్రాసింగ్ మీద ఫస్ట్ ఛాన్స్ నడిచేవాళ్లదే.. బండి ఆగకపోతే? రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

రోడ్డు దాటుతున్న ఒక మనిషి. కుడి వైపు నుంచి దూసుకొచ్చిన కారు. ఒక్క సెకన్‌లో అంతా అయిపోతుంది. ఇలాంటి సీసీటీవీ వీడియోలు మీ ఫోన్‌లో రోజూ ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటాయి. కింద కామెంట్లు చూస్తే సగం మందిది ఒకటే మాట.. "చూసుకుని దాటొచ్చు కదా!"

ఈసారి అలాంటి వీడియో వస్తే ఒక్కసారి పాజ్ చేసి, ఆ మనిషి కాళ్ల కింద చూడండి. తెల్ల చారలు ఉన్నాయా? ఉంటే మొదట అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. బండి ఎందుకు ఆగలేదు?

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 32 వేల మందికి పైగా బండి మీద లేరు, కారులో లేరు. నడుస్తున్నారు, అంతే. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. వీళ్లకు హెల్మెట్ లేదు, సీటు బెల్టు లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. ఉన్నదల్లా రూల్ ఒక్కటే. ఆ రూల్ ఏంటో బండి నడిపేవాళ్లలో చాలామందికి తెలియదు. నడిచేవాళ్లకు అయితే అస్సలు తెలియదు.

సిగ్నల్ లేని చోట ఎవరు ఆగాలి?

జీబ్రా క్రాసింగ్‌లు రెండు రకాలు. సిగ్నల్ గానీ, పోలీసు గానీ ఉండి కంట్రోల్ చేసేది ఒకటి. ఏమీ లేకుండా రోడ్డు మీద చారలు మాత్రమే ఉండేది రెండోది. మన దగ్గర స్కూళ్ల ముందు, గుళ్ల ముందు, బస్టాపుల దగ్గర ఎక్కువగా ఉండేది ఈ రెండో రకమే. అక్కడ "బండ్లు గ్యాప్ ఇస్తే మనం దాటాలి" అనేది మనకు అలవాటైపోయిన పద్ధతి. చట్టంలో ఉన్నది దీనికి పూర్తిగా రివర్స్.

మోటారు వాహనాల డ్రైవింగ్ రెగ్యులేషన్స్ అని 2017లో కేంద్రం తెచ్చిన రూల్స్ ఉన్నాయి. సిగ్నల్ లేని క్రాసింగ్ దగ్గరకు వస్తున్న డ్రైవర్ స్పీడ్ తగ్గించాలి, ఆగాలి, దాటేవాళ్లకు దారి ఇవ్వాలి అని వాటిలో క్లియర్‌గా ఉంది. వీల్‌చైర్‌లో వెళ్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఇది కొత్తగా వచ్చింది కూడా కాదు. అంతకుముందున్న 1989 నాటి రూల్స్‌లోనూ సిగ్నల్ లేని క్రాసింగ్ దగ్గర దారి హక్కు పాదచారులదే అని రాసి ఉంది. అంటే ముప్పై ఏళ్లు దాటిన రూల్ ఇది. హారన్ కొట్టి మనిషిని వెనక్కి పంపించడం ఎక్కడా లేదు!

"నేను ఆగితే వెనకోడు వచ్చి గుద్దేస్తాడు" అనేది డ్రైవర్లు చెప్పే మాట. అందులో నిజం లేకపోలేదు, మన రోడ్ల మీద ఆ భయం ఉంటుంది. అందుకే ఆగడం కంటే ముందు స్లో అవడం అనేది రూల్‌లో ఉంది. దూరం నుంచే బ్రేక్ లైట్ వెలుగుతుంటే వెనకోడికి అర్థమవుతుంది. ముందు బండికి తగినంత దూరం పాటించాల్సిన బాధ్యత కూడా ఆ వెనకోడిదే.

అసలు డేంజర్ ఇంకోటి ఉంది. రెండు మూడు లేన్ల రోడ్డు మీద ఒక కారు మర్యాదగా ఆగుతుంది. పెద్దావిడ దాటడం మొదలుపెడుతుంది. పక్క లేన్‌లో వచ్చే బైక్‌కి ఆ కారు ఎందుకు ఆగిందో తెలియదు, ఆవిడ కనిపించదు. అదే స్పీడ్‌లో వచ్చేస్తుంది. కాబట్టి క్రాసింగ్ దగ్గర పక్క బండి ఆగిందంటే దాని ముందు మనిషి ఉన్నట్టే అనుకోవాలి. దాటేవాళ్లు కూడా ఆగిన కారు చివరిదాకా వచ్చి, ఒకసారి తల బయటపెట్టి చూసి, అప్పుడు రెండో లేన్‌లోకి అడుగెయ్యాలి.

స్పీడ్ లెక్క ఇదీ

గంటకు 50 కిలోమీటర్లంటే మనకు పెద్ద స్పీడ్ అనిపించదు. కానీ ఆ స్పీడ్‌లో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు వెళ్తుంది. మనిషిని చూసి, కాలు బ్రేక్ మీదకు పోయేసరికే ఒక సెకను పోతుంది. అంటే బ్రేక్ పడకముందే మూడు కార్ల పొడవు రోడ్డు అయిపోయినట్టే. బ్రేక్ పడ్డాక ఆగడానికి పట్టే దూరం ఇంకా వేరే. స్పీడ్ రెట్టింపైతే ఆ దూరం నాలుగు రెట్లవుతుంది. క్రాసింగ్ కనిపించగానే స్లో అవ్వమనడం వెనక లాజిక్ ఇదే.

సిగ్నల్ ఉన్న చోట స్టాప్ లైన్ ఎందుకు?

హైదరాబాద్‌లో ఈ-చలానా వచ్చిన చాలామందికి "స్టాప్ లైన్ క్రాసింగ్" అనే మాట పరిచయమే. "సిగ్నల్ జంప్ చెయ్యలేదు, రెడ్ పడితే ఆగాను, రెండడుగులు ముందుకొచ్చా అంతే. దానికి కూడా ఫైనా?" అని వాళ్ల కోపం. ఆ రెండడుగుల్లోనే ఉంది అసలు మ్యాటర్. స్టాప్ లైన్ తర్వాత ఉండేది జీబ్రా క్రాసింగ్. దాని మీద పది బైకులు నిలబడితే దాటేవాళ్లు బైకుల ముందు నుంచి, అంటే జంక్షన్ మధ్యలోకి వెళ్లి దాటాలి. అక్కడ అవతలి వైపు గ్రీన్ పడిన బండ్లు వస్తుంటాయి. చిన్న పిల్లాడి చెయ్యి పట్టుకుని నడిచే తల్లికి ఆ రెండడుగులు ఎంత ఖరీదో ఆలోచించండి.

ఇంకో రూల్ చాలామందికి తెలియదు. ముందు ట్రాఫిక్ జామ్ అయి ఉంటే, అవతలికి పోయే చోటు లేదని తెలిసీ క్రాసింగ్ మీదకు బండి ఎక్కించకూడదు. గ్రీన్ ఉన్నా సరే.

ఆరెంజ్ లైట్‌ని అయితే మనవాళ్లు "తొందరగా పో" అనే సిగ్నల్‌గా మార్చేసుకున్నారు. నిజానికి ఆరెంజ్ అంటే స్టాప్ లైన్ ముందు ఆగమని. సేఫ్‌గా ఆగలేనంత దగ్గరకు వచ్చేస్తే మాత్రమే ముందుకు పోవాలి. రాత్రి పూట సిగ్నల్స్ ఆరెంజ్‌లో బ్లింక్ అవుతుంటాయి కదా, అది మరీ జాగ్రత్తగా చూడాల్సింది. అప్పుడు ఆ జంక్షన్‌లో ఎవరికీ రెడ్ లేదు, దాటేవాళ్లకు గ్రీన్ మనిషి బొమ్మా లేదు. నెమ్మదిగా చూసుకుంటూ వెళ్లాలి.

ఫ్రీ లెఫ్ట్ సంగతి కూడా ఇంతే. గ్రీన్ కోసం వెయిట్ చెయ్యక్కర్లేదు అన్నంత వరకే ఆ ఫ్రీ. అక్కడ దాటేవాళ్లు లేరనుకోమని కాదు. ఫ్రీ లెఫ్ట్ దారికి సిగ్నల్ లేదు కాబట్టి, అక్కడున్న చారల దగ్గర డ్రైవరే ఆగి దారి ఇవ్వాలి.

బటన్ నొక్కితే పడే సిగ్నల్

హైదరాబాద్ ట్యాంక్‌బండ్ లాంటి చోట్ల 2023లో పెలికాన్ సిగ్నల్స్ పెట్టారు. పేరు పక్షిదే అయినా, పెడెస్ట్రియన్ లైట్ కంట్రోల్డ్ అనే ఇంగ్లిష్ మాటల నుంచి బ్రిటన్‌లో పుట్టిన పేరు ఇది. జంక్షన్ లేని చోట, రోడ్డు మధ్యలో దాటడానికి వీటిని పెడతారు. బటన్ నొక్కి, గ్రీన్ మనిషి వచ్చేదాకా ఆగి దాటాలి. చాలామంది బటన్ నొక్కకుండానే దిక్కులు చూస్తూ నిలబడతారు!

టైమింగ్ దగ్గర మాత్రం ఒక ఇబ్బంది ఉంది. ఒక్కో లేన్ 3.5 మీటర్లు అనుకుంటే ఆరు లేన్ల రోడ్డు 21 మీటర్లు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు సెకనుకు ఒక మీటరు కూడా నడవలేరు. అంటే వాళ్లకు 21 సెకన్లకు మించే కావాలి. అంతకంటే తక్కువ టైమ్ పెట్టిన సిగ్నల్ ఉన్నా వాళ్లకు లేనట్టే. మీ ఏరియాలో అలాంటిది ఉంటే సెకన్లు లెక్కపెట్టి, రోడ్డు వెడల్పుతో సహా ట్రాఫిక్ పోలీసులకు, మున్సిపాలిటీకి రాసివ్వండి. "టైమ్ సరిపోవట్లేదు" అనే కంప్లయింట్ కంటే నంబర్లతో ఇచ్చిన కంప్లయింట్‌ని పక్కన పెట్టడం కష్టం.

ఫైన్ ఎంత? జైలు ఎప్పుడు?

క్రాసింగ్ దగ్గర దారి ఇవ్వకపోవడం లాంటి డ్రైవింగ్ రెగ్యులేషన్స్ ఉల్లంఘనకు 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 177ఏ కింద 500 నుంచి 1,000 రూపాయల దాకా జరిమానా ఉంది. రెడ్ సిగ్నల్ జంప్, రాంగ్ రూట్, ఫోన్ పట్టుకుని నడపడం లాంటివి ప్రమాదకరంగా ఉంటే సెక్షన్ 184 కిందకు వస్తాయి. మొదటిసారి అయితే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 వరకు ఫైన్, లేదా రెండూ. అక్కడికక్కడ కట్టే చలానా మొత్తాన్ని రాష్ట్రాలే ఫిక్స్ చేస్తాయి. అందుకే ఏపీలో ఒక రేటు, తెలంగాణలో ఒక రేటు కనిపిస్తుంది. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు.

మరి నడిచేవాళ్లు చారలు లేని చోట దాటితే? డ్రైవర్‌కి గుద్దే లైసెన్స్ వచ్చేసినట్టు కాదు. జాగ్రత్తగా నడపాల్సిన బాధ్యత అప్పుడూ ఉంటుంది. కాకపోతే పరిహారం కేసులో "మీ తప్పు కూడా కొంత ఉంది" అని ట్రిబ్యునల్ కొంత శాతం కోత పెట్టొచ్చు.

సుప్రీంకోర్టు ఏమంది?

కోయంబత్తూరు ఆర్థోపెడిక్ సర్జన్ డాక్టర్ ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు ఇప్పటికీ ఆదేశాలు ఇస్తూనే ఉంది. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమే అని 2025 మే 14న చెప్పింది. అదే ఏడాది అక్టోబర్ 7న ఇంకో అడుగు ముందుకేసింది. పాదచారుల కోసం సెక్షన్ 138(1ఏ) కింద ఆరు నెలల్లో రూల్స్ చెయ్యాలని రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. ఆ సెక్షన్ 2019లోనే చట్టంలోకి వచ్చింది. రూల్స్ రాయమని కోర్టు గుర్తు చెయ్యాల్సి రావడమే విడ్డూరం.

ఫుట్‌పాత్‌కీ క్రాసింగ్‌కీ లింక్ ఏంటని అడగొచ్చు. ఫుట్‌పాత్ మీద బైకులు, జీబ్రా చారల మీద ఆటోలు పార్క్ చేసి ఉంటే మనిషి రోడ్డు మీదకు దిగి నడవాలి, ఆటో వెనక నుంచి సడన్‌గా బయటకొచ్చి దాటాలి. అందుకే ఈ రెండు చోట్లా పార్కింగ్ నిషేధం.

ప్రమాదం జరిగితే వెంటనే ఏం చెయ్యాలి?

ముందు 108కి, 112కి ఫోన్. సాయం చేసినవాళ్లను వేధించకూడదని చట్టంలోనే (సెక్షన్ 134ఏ) ఉంది కాబట్టి భయపడక్కర్లేదు. 2025 మేలో వచ్చిన క్యాష్‌లెస్ స్కీమ్ కింద గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల పాటు లక్షన్నర వరకు ట్రీట్‌మెంట్ ఉంటుంది. బండి కింద పడ్డ పాదచారులకూ ఇది వర్తిస్తుంది. ఆసుపత్రిలో అడగండి, అడక్కపోతే వాళ్లు చెప్పకపోవచ్చు.

గుద్దినవాడు పారిపోయి, బండి ఏదో తెలియకపోతే హిట్ అండ్ రన్ స్కీమ్ ఉంది. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకు 50 వేలు ఇస్తారు. దీనికి ఆ ఏరియా ఆర్డీవో ఆఫీసులో అప్లై చేసుకోవాలి.

ఇంకోటి, ఇది ఫ్యామిలీలు ఎక్కువగా మర్చిపోయేది. ప్రమాదం జరిగిన చోట జీబ్రా చారలు, స్టాప్ లైన్, సిగ్నల్, బండి ఆగిన ప్లేస్ అన్నీ కనిపించేలా అదే రోజు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. చారలు సగం చెరిగిపోయి ఉన్నా తియ్యండి. పక్క షాపుల్లో సీసీటీవీ ఫుటేజ్ కొన్ని రోజులకే డిలీట్ అయిపోతుంది కాబట్టి ఏ కెమెరాలు ఉన్నాయో పోలీసులకు వెంటనే చెప్పండి. పంచనామాలో "జీబ్రా క్రాసింగ్ మీద" అనే మాట రాశారో లేదో చదివి చూసుకోండి. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వెయ్యడానికి చట్టం పెట్టిన గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు.