“మా ఇంట్లో ఆడవాళ్లందరికీ ఇంతే!”

ఆ రోజు ఆఫీసులో లిఫ్ట్ పనిచేయడం లేదు. మా టీమ్ కూర్చునేది నాలుగో అంతస్తులో. రెండో అంతస్తు దాకా ఎక్కానో లేదో గుండె దడదడా కొట్టుకుంది. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. మెట్ల మీదే కూలబడిపోయాను. వెనకాలే వస్తున్న సెక్యూరిటీ అంకుల్ “ఏమైందమ్మా, టిఫిన్ తినలేదా?” అంటూ మంచినీళ్ల బాటిల్ చేతికిచ్చారు. ఆయనకి యాభై దాటి ఉంటాయి. ఆయాసం లేకుండా నాలుగు అంతస్తులూ ఎక్కేశారు. నాకప్పుడు 26.

టిఫిన్ శుభ్రంగా తిన్నాను. కాకపోతే అది నా పీరియడ్స్‌లో మూడో రోజు. ఆ సంగతి ఆయనతో చెప్పలేను కదా!

రెండు రోజుల తర్వాత రక్తపరీక్ష చేయించుకుంటే హిమోగ్లోబిన్ 8.1 వచ్చింది. ఆడవాళ్లలో 12 కంటే తక్కువుంటే రక్తహీనత అంటారు. ఊళ్లో ఉన్న అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ కంగారు పడలేదు. “మన ఇంట్లో ఆడవాళ్లందరికీ ఇంతేలే తల్లీ. అమ్మమ్మకీ ఇంతే, నాకూ ఇంతే. బీట్‌రూట్ జ్యూస్ తాగు, దానిమ్మకాయ తిను” అంది.

ఈ మాట నాకు కొత్త కాదు. ఏడో తరగతిలో స్కూల్ యూనిఫాం పాడైపోయి ఏడుస్తూ ఇంటికొచ్చినప్పుడు విన్నాను. ఇంజినీరింగ్ హాస్టల్లో రాత్రి రెండింటికి లేచి దుప్పటి ఉతుక్కున్నప్పుడూ ఫోన్లో ఇదే విన్నాను. అందుకే పన్నెండేళ్లపాటు ఎవరికీ చూపించుకోలేదు.

గైనకాలజిస్టా? పెళ్లి కాకుండానా?

డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే నా రూమ్మేట్ అన్న మొదటి మాట ఇదే. తప్పు తనది కాదు. మన దగ్గర గైనిక్ డాక్టర్ అంటే కడుపుతో ఉన్నవాళ్లకో, పిల్లల కోసం చూస్తున్నవాళ్లకో అనే లెక్క. వెయిటింగ్ హాల్లో నా పక్కనున్న ఆంటీ కూడా ముందు నా మెడ వైపు, తర్వాత పొట్ట వైపు చూశారు.

స్కానింగ్ ఎలా చేస్తారోనన్న భయం కూడా ఉండేది. దాని గురించి ముందే చెప్పేస్తాను. పెళ్లి కాని అమ్మాయిలకి మామూలుగా పొట్ట మీద నుంచే స్కాన్ చేస్తారు. మనం చేయాల్సిందల్లా కడుపు నిండా నీళ్లు తాగి, మూత్రం ఆపుకుని కూర్చోవడమే. లోపలి నుంచి పరీక్ష చేయాల్సి వచ్చినా మన అనుమతి లేకుండా చేయకూడదు. వద్దు అనే హక్కు మనకుంది.

డాక్టరమ్మ ముందు స్కానింగ్ రాయలేదు. ప్రశ్నలు అడిగారు.

“ప్యాడ్ ఎన్ని గంటలకోసారి మారుస్తావమ్మా?”

“మామూలుగానే మేడమ్.”

“మామూలు అంటే ఎంత? నాకు నంబర్ కావాలి.”

నేను తెల్లబోయాను. ఆఫీసులో ఎవరైనా “అప్లికేషన్ స్లోగా ఉంది” అంటే “ఎన్ని సెకన్లు?” అని అడిగేది నేనే. నా ఒంటి విషయంలో మాత్రం ఒక్క నంబరూ నా దగ్గర లేదు.

ఎంతైతే ఎక్కువ?

ఆమె చెప్పిన లెక్కలు మీకూ పనికొస్తాయి. మామూలుగా నెలసరి 24 నుంచి 38 రోజులకోసారి వస్తుంది. మొదలైన కొత్తల్లో, అంటే టీనేజ్‌లో, కాస్త అటూ ఇటూ అవుతుంది. రక్తస్రావం వారం లోపు ఆగిపోవాలి. కింద చెప్పినవాటిలో ఏది ఉన్నా ఎక్కువ రక్తస్రావం కిందే లెక్క, డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే:

• గంటకో రెండు గంటలకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోవడం, అదీ వరసగా కొన్ని గంటలపాటు
• ఒకేసారి రెండు ప్యాడ్లు పెట్టుకోవాల్సి రావడం
• ప్యాడ్ మార్చుకోవడానికి రాత్రి నిద్రలేవడం
• రెండు రూపాయల బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడటం
• ఏడు రోజులు దాటినా ఆగకపోవడం
• ఆ రోజుల్లో కాలేజీ, ఆఫీసు, ప్రయాణం మానుకోవాల్సి రావడం

ఆరింటికి నావి ఆరూ ఉన్నాయి. వాటినే నేను “మామూలు” అంటున్నాను.

నొప్పి సంగతీ అంతే. గర్భసంచి లోపలి పొర ఊడిపోయేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్స్ అనే పదార్థాలు విడుదలవుతాయి. వాటివల్ల గర్భసంచి గట్టిగా బిగుసుకుంటుంది. మొదటి ఒకట్రెండు రోజులు పొత్తికడుపులో నొప్పి రావడానికి కారణం అదే. మాత్ర వేసుకుని, వేడినీళ్ల బ్యాగ్ పెట్టుకుంటే తగ్గే నొప్పి వేరు. మాత్రలకి లొంగకుండా, నెలనెలా పెరుగుతూ, మల విసర్జనప్పుడు కూడా బాధపెట్టే నొప్పి వేరు. రెండోది ఎండోమెట్రియోసిస్ కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఇది ఉంది. “పెళ్లయితే తగ్గిపోతుంది” అనేది దీనికి వైద్యం కాదు.

అమ్మ మాటే అసలు క్లూ

“ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?” అని డాక్టర్ అడిగారు. నేను నవ్వేసి “మా ఇంట్లో ఆడవాళ్లందరికీ ఇంతే మేడమ్” అన్నాను.

ఆమె మాత్రం నవ్వలేదు. పెన్ను పక్కన పెట్టి వరసగా అడిగారు. ముక్కులోంచి రక్తం కారేదా? పన్ను తీయించుకుంటే చాలాసేపు ఆగలేదా? చిన్న దెబ్బకే ఒంటి మీద నల్లగా కమిలిపోతుందా? కాన్పప్పుడు అమ్మకి రక్తం ఎక్కించారా?

అన్నీ నిజమే. చిన్నప్పుడు ఎండాకాలం వస్తే నా ముక్కులోంచి రక్తం కారేది. “వేడి చేసింది” అని అమ్మమ్మ తల మీద తడిగుడ్డ వేసేది. జ్ఞానదంతం తీయించుకున్నప్పుడు రెండు రోజులు దూది కొరికిపట్టుకుని కూర్చున్నాను. తమ్ముడు పుట్టినప్పుడు అమ్మకి రెండు బాటిళ్ల రక్తం ఎక్కించారు.

గర్భసంచిలో గడ్డలు, పాలిప్స్, థైరాయిడ్, పీసీఓఎస్ వల్ల అండం సరిగ్గా విడుదల కాకపోవడం... ఎక్కువ రక్తస్రావానికి ఇలాంటి కారణాలు చాలా ఉంటాయి. నాకు స్కాన్‌లో ఏమీ లేదు. థైరాయిడ్ బాగానే ఉంది. రక్తం గడ్డకట్టే పరీక్షల్లో దొరికింది: వాన్ విల్లెబ్రాండ్ వ్యాధి. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఒక ప్రొటీన్ తక్కువగా ఉండటమన్నమాట. నాది తేలికపాటి రకం. ఈ ప్రొటీన్ ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది కాబట్టి పరీక్ష రెండుసార్లు చేశారు.

వారసత్వంగా వచ్చే రక్తస్రావ సమస్యల్లో ఎక్కువ మందికి ఉండేది ఇదే. మగవాళ్లకీ వస్తుంది. కానీ నెలనెలా బయటపడేది ఆడవాళ్లలోనే. దీని గురించి 1926లో మొదట రాసింది ఫిన్లాండ్ డాక్టర్ ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్. ఆలాండ్ దీవుల్లోని ఒక కుటుంబంలో చాలామందికి రక్తం ఆగకపోవడం ఆయన గమనించారు. ఆయన దగ్గరికి తీసుకొచ్చిన ఆ ఇంటి చిన్నపిల్ల పేరు యోర్డిస్. 13 ఏళ్ల వయసులో, నాలుగోసారి నెలసరి వచ్చినప్పుడు రక్తస్రావం ఆగక ఆ పిల్ల చనిపోయింది. ఆ రాత్రి ఫోన్లో ఇది చదివి చాలాసేపు నిద్రపోలేదు.

ఇంకో సంగతి. నొప్పికి నేను మెడికల్ షాపులో అడిగి వేసుకునే మెఫెనమిక్ యాసిడ్ మాత్రలు చాలామందికి పనిచేస్తాయి. రక్తస్రావాన్ని కాస్త తగ్గిస్తాయి కూడా. కానీ ఈ జబ్బున్నవాళ్లు అలాంటి మాత్రలు, ఆస్పిరిన్, డాక్టర్‌ని అడగకుండా వేసుకోకూడదు. రక్తస్రావం ఇంకా పెరగొచ్చు. పైగా మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా తీవ్రమైన అలర్జీ రావచ్చని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరిక కూడా ఇచ్చింది.

33 ఏళ్లకే గర్భసంచి తీసేశారు

ఇక్కడ అమ్మ కథ చెప్పాలి. అమ్మకీ నాలాగే అయ్యేది. మిరప కోతలప్పుడు పొలంలో రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. టౌన్లో చూపిస్తే “పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు, తీయించేసుకోండి” అన్నారు. తీయించేశారు. అప్పుడు అమ్మకి 33. నా రిపోర్ట్ వచ్చాక “అమ్మా, అండాశయాలు కూడా తీసేశారా, ఉంచారా?” అని అడిగాను. “ఏమో నాన్నా, అవన్నీ మాకు చెప్తారా?” అంది. కాగితాలు కూడా లేవు.

అండాశయాలు కూడా తీసేస్తే ఒక్కసారిగా మెనోపాజ్ వచ్చేస్తుంది. చిన్న వయసులోనే ఒంట్లో ఆవిర్లు మొదలవుతాయి, ఎముకలు బలహీనపడతాయి, గుండెకీ ముప్పు పెరుగుతుంది. అమ్మ నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి నలభై రాకముందే మొదలయ్యాయి. అన్నిటికీ అదే కారణమని నేను అనలేను. కానీ ఆపరేషన్‌కి ముందు ఒక్క రక్తపరీక్ష చేసి ఉంటే అన్న బాధ మాత్రం పోవడం లేదు.

అమ్మ ఒక్కతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అదే సర్వేలో రక్తహీనత ఉన్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అనవసరంగా గర్భసంచి తీసే ఆపరేషన్లను అడ్డుకోవడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని రాష్ట్రాలు మూడు నెలల్లో అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో ఆదేశించింది.

కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరమే. కానీ అది ఆఖరి మెట్టు. రక్తస్రావం ఉన్న రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలున్నాయి. హార్మోన్ మాత్రలున్నాయి. గర్భసంచిలో అమర్చే హార్మోన్ లూప్ ఉంది, కొన్నేళ్లపాటు పనిచేస్తుంది. ఎవరికి ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి. ఉదాహరణకి, ఎప్పుడైనా కాలి నరాల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ఎవరైనా సరే “తీయించేసుకో” అంటే మూడు ప్రశ్నలు అడగండి: కారణం ఏంటి? మందులతో ప్రయత్నించామా? అండాశయాలు ఉంచుతారా?

బీట్‌రూట్ సంగతి

రంగు ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పట్టదు. బీట్‌రూట్‌లో, దానిమ్మలో ఐరన్ చాలా తక్కువ. తింటే మంచిదే, కానీ 8.1ని అవి 12 చేయలేవు. నాకు ఐరన్ మాత్రలు రాశారు. వేసుకునే ముందూ తర్వాతా కనీసం గంటసేపు టీ, కాఫీ మానేశాను, ఎందుకంటే అవి ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వవు. నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. మలం నల్లగా వస్తే భయపడకండి, అది మాత్ర రంగే. హిమోగ్లోబిన్ మామూలుకి వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు వాడమన్నారు, ఒంట్లో నిల్వలు నిండాలి కదా.

ట్రానెక్సామిక్ యాసిడ్, ఐరన్ కలిపి వాడాక నాలుగు నెలలకి నా హిమోగ్లోబిన్ 11.9. ఇప్పుడు 12.6. మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. ఫోన్లో చిన్న లిస్ట్ పెట్టుకున్నాను: ఏ తేదీన మొదలైంది, ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడ్డాయా, నొప్పి పదికి ఎంత. మీరూ మూడు నెలలు రాసి చూడండి. డాక్టర్ ముందు “మామూలే” అనాల్సిన పని ఉండదు. గంటకో ప్యాడ్ తడుస్తూ కళ్లు తిరుగుతుంటే మాత్రం మూడు నెలలు కాదు, మూడు గంటలు కూడా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పిన్ని కూతురు మంచం మీద ముడుచుకుని పడుకుంది. ఇంటర్ మొదటి సంవత్సరం. ముఖం పాలిపోయి ఉంది. “వారమైంది అక్కా, ఇంకా ఆగలేదు” అని పిన్ని అమ్మతో చెప్తోంది. అమ్మ ఎప్పుడూ అనే మాటే అంటుందేమో అనుకున్నాను. అన్నది కూడా.

“మన ఇంట్లో ఆడవాళ్లందరికీ ఇంతే. అందుకే చెప్తున్నా, పండగ అవ్వగానే పిల్లకి రక్తపరీక్ష చేయించు” అంది.