తీపి చాటున దాగే ఘాటు

వైన్ రుచి ఎరుగని వ్యక్తి ముందు రెండు గ్లాసులు ఉన్నాయనుకుందాం. మొదటి గ్లాసులో ఉన్నది డ్రై రెడ్ వైన్. ఒక గుక్క తాగగానే మొహం ముడుచుకుంటుంది. పుల్లగా, కాస్త చేదుగా ఉండటమే కాక నాలుక పిడచ కట్టినట్లు అవుతుంది. రెండో గ్లాసులో పోర్చుగల్‌కు చెందిన పోర్ట్ వైన్ ఉంది. అది తియ్యగా, చిక్కగా, ఎండు ద్రాక్ష వాసనతో ఇట్టే గొంతు దిగుతుంది. ఏది బాగుందని అడిగితే కొత్తవారిలో చాలామంది వేలు రెండో గ్లాసు వైపే చూపిస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. సాధారణ డ్రై వైన్‌లో ఆల్కహాల్ 12 నుంచి 14 శాతం ఉంటుంది. పోర్ట్‌లో అది 19 నుంచి 22 శాతం. అంటే ఘాటు ఎక్కువగా ఉన్న పానీయమే నాలుకకు మెత్తగా తోస్తోంది. దీనికి కారణాలు ద్రాక్ష తొట్టిలో కొన్ని, నాలుక మీద కొన్ని, మెదడులో మరికొన్ని ఉన్నాయి.

చక్కెర ఎక్కడికి పోతుంది?

వైన్ భాషలో ‘డ్రై’ అంటే తీపి లేనిది అని అర్థం. పండిన ద్రాక్ష రసంలో లీటరుకు సుమారు 200 నుంచి 250 గ్రాముల చక్కెర ఉంటుంది. ఈస్ట్ కణాలు ఆ చక్కెరను తింటూ ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తాయి. ఇదే కిణ్వనం. లీటరు రసంలో దాదాపు 17 గ్రాముల చక్కెర ఖర్చయితే ఒక శాతం ఆల్కహాల్ తయారవుతుంది. 220 గ్రాముల చక్కెర ఉన్న రసాన్ని చివరిదాకా పులియనిస్తే 13 శాతం ఆల్కహాల్ వస్తుంది, తీపి దాదాపుగా మాయమవుతుంది.

పోర్ట్ తయారీలో ఈస్ట్‌ను చివరిదాకా పని చేయనివ్వరు. ఆల్కహాల్ 6 శాతం దగ్గరికి రాగానే, చక్కెర ఇంకా సగం మిగిలి ఉండగానే, 77 శాతం ఆల్కహాల్ ఉన్న ద్రాక్ష సారాను అందులో పోస్తారు. సంప్రదాయ లెక్క ప్రకారం 435 లీటర్ల పులుస్తున్న రసానికి 115 లీటర్ల సారా కలిపితే 550 లీటర్ల పీపా నిండుతుంది. ఒక్కసారిగా పెరిగిన ఆల్కహాల్‌ను తట్టుకోలేక ఈస్ట్ చనిపోతుంది. కిణ్వనం అక్కడితో ఆగిపోతుంది. తిననివ్వని చక్కెర అలాగే మిగిలిపోతుంది.

పై లెక్కను పూర్తి చేస్తే ఆ పీపాలో ఆల్కహాల్ 20 శాతం దాటుతుంది. చక్కెర లీటరుకు 90 గ్రాములకు పైగా ఉంటుంది. ఇది మామూలు కోలా పానీయం తీపికి కాస్త తక్కువ. ఇలా విడిగా సారా చేర్చి బలం పెంచినవాటినే ఫోర్టిఫైడ్ వైన్లు అంటారు. అయితే వీటిలో అన్నీ తియ్యగా ఉండవు. స్పెయిన్‌లో తయారయ్యే షెర్రీలో కొన్ని రకాలకు కిణ్వనం పూర్తయ్యాక సారా కలుపుతారు. అప్పటికే చక్కెర అయిపోయి ఉంటుంది కాబట్టి అవి డ్రైగానే ఉంటాయి. సారాను ఏ దశలో కలిపారన్నదే తీపిని నిర్ణయిస్తుంది.

ఓడ ప్రయాణం నేర్పిన పద్ధతి

ఈ పద్ధతి మొదలైంది రుచి కోసం కాదు, నిలవ కోసం. 1703లో ఇంగ్లండ్, పోర్చుగల్ దేశాల మధ్య కుదిరిన మెథ్యూన్ ఒప్పందం ప్రకారం పోర్చుగల్ వైన్‌పై సుంకం ఫ్రెంచి వైన్‌పై వేసే సుంకంలో మూడింట రెండు వంతులకు మించకూడదు. దాంతో డౌరో నదీ లోయ వైన్లకు ఇంగ్లండ్‌లో గిరాకీ పెరిగింది. కానీ పీపాల్లో సముద్రం దాటేలోపు వైన్ పాడయ్యేది. ఆల్కహాల్ శాతం పెంచితే వైన్‌ను చెడగొట్టే సూక్ష్మజీవులు బతకలేవని వ్యాపారులు అనుభవంతో గ్రహించారు. క్రమంగా కిణ్వనం మధ్యలోనే సారా కలిపే పద్ధతి స్థిరపడింది. 1756లో పోర్చుగల్ పాలకుడు పొంబాల్ మార్క్విస్ డౌరో వైన్ ప్రాంతానికి హద్దులు గీయించాడు. చట్టబద్ధంగా హద్దులు ఏర్పడిన తొలి వైన్ ప్రాంతాలలో ఇదొకటి.

అట్లాంటిక్ సముద్రంలోని మదీరా దీవిది మరో కథ. భారత్ వైపు వచ్చే ఓడలు అక్కడ ఆగి వైన్ పీపాలు ఎక్కించుకునేవి. ఉష్ణమండల సముద్రాల వేడికి ఓడ అడుగున మగ్గిన ఆ వైన్ చెడిపోకపోగా కొత్త రుచి తెచ్చుకునేది. ఇండియా దాకా వెళ్లి తిరిగొచ్చిన పీపాలకు ప్రత్యేకమైన పేరు ఉండేది. ఇక 1961 వరకు పోర్చుగీసు పాలనలో ఉన్న గోవాలో పోర్ట్ అనే పేరు నేటికీ వినిపిస్తుంది. అక్కడ ఆ పేరుతో అమ్మే తియ్యటి ఎర్ర వైన్లన్నీ డౌరో పద్ధతిలో చేసినవే అనుకుంటే మాత్రం పొరపాటు.

వగరు: రుచా, స్పర్శా?

డ్రై రెడ్ వైన్ తాగినప్పుడు నోరు పిడచ కట్టడానికి కారణం టానిన్లు. ఇవి ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉంటాయి. లాలాజలంలో నోటిని జారుడుగా ఉంచే కొన్ని ప్రొటీన్లు ఉంటాయి. టానిన్లు వాటికి అంటుకుని ముద్ద కట్టిస్తాయి. కందెన ఆరిపోయిన బండి ఇరుసులా నాలుక, అంగిలి ఒకదానికొకటి రాసుకుంటాయి. పచ్చి అరటికాయ కొరికినా, నేరేడు పళ్లు తిన్నా, వక్క నమిలినా జరిగేది ఇదే.

ఈ అనుభవానికి తెలుగులో ‘వగరు’ అనే చక్కటి మాట ఉంది, షడ్రుచుల్లో దానికి చోటూ ఉంది. ఆధునిక శాస్త్రం మాత్రం తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అనే ఐదింటినే మౌలిక రుచులుగా లెక్కిస్తుంది. వగరును ప్రధానంగా స్పర్శకు సంబంధించిన అనుభూతిగా చూస్తుంది. షడ్రుచుల్లోని కారం పరిస్థితీ అంతే. మిరపకాయ మంటను పసిగట్టేది టీఆర్‌పీవీ1 అనే గ్రాహకం. దీన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. నిజానికి ఇది వేడిని గుర్తించే గ్రాహకం. సాధారణంగా 42 డిగ్రీల సెల్సియస్ దగ్గర మేల్కొంటుంది. ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీల దగ్గరే స్పందిస్తుందని 2002లో వెలువడిన పరిశోధన చూపింది. శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీలు కాబట్టి ఘాటైన మద్యం గొంతులో మండినట్లు అనిపిస్తుంది.

ఉగాది పచ్చడి చెప్పే సూత్రం

20 శాతం ఆల్కహాల్ ఉన్న పోర్ట్ మరింత మండాలి, మరింత చేదెక్కాలి. అలా అనిపించకపోవడానికి కారణం ఏ తెలుగు వంటింట్లోనైనా దొరుకుతుంది. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఉంటుంది. దాన్ని విడిగా నమిలితే భరించలేం. బెల్లం, చింతపండు పులుసు కలిశాక అదే పువ్వు చేదు మెత్తబడుతుంది. వేపపువ్వు ఎక్కడికీ పోలేదు, చేదు కలిగించే పదార్థమూ తగ్గలేదు. తగ్గింది దాని అనుభూతి మాత్రమే. ఒక రుచి మరో రుచిని అణచివేసే ఈ ధోరణిలో తీపిది పైచేయి. చేదును, పులుపును, కొంతవరకు వగరును, మంటను కూడా అది తగ్గిస్తుంది.

ఈ అణచివేత ఎక్కడ జరుగుతుంది? నాలుకకు ఒక పక్క తీపి ద్రావణం, మరో పక్క చేదు ద్రావణం తగిలించి చేసిన ప్రయోగాలు దీనికి సమాధానం వెతికాయి. రెండూ కలవకపోయినా చేదు తగ్గినట్లే తోచింది. అంటే తీపి చేదును మరిపించే పని ఎక్కువగా మెదడులోనే జరుగుతోంది.

ఈ సర్దుబాటు రెండు వైపులా సాగుతుంది. లీటరుకు 90 గ్రాముల చక్కెర ఉన్నా పోర్ట్ వెగటు కలిగించదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం, టానిన్లు ఆ తీపికి పగ్గం వేస్తాయి. నిమ్మకాయ పిండని చక్కెర నీళ్లకూ, నిమ్మ షర్బత్‌కూ ఉన్న తేడా లాంటిదే ఇది.

అందరి నాలుకా ఒకటి కాదు

ఒకరు ఇష్టంగా తాగే డ్రై వైన్ మరొకరికి కషాయంలా ఎందుకు ఉంటుంది? దీనికి జన్యువుల్లో కొంత జవాబు ఉంది. 1931లో అమెరికా రసాయన శాస్త్రవేత్త ఆర్థర్ ఫాక్స్ ప్రయోగశాలలో పీటీసీ అనే పొడి గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి నోరంతా చేదుగా ఉందన్నాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఈ తేడా వంశపారంపర్యంగా వస్తుందని తర్వాత తేలింది. 2003లో దానికి కారణమైన జన్యువును గుర్తించారు. దాని పేరు టీఏఎస్2ఆర్38. మనిషిలో చేదును గుర్తించే గ్రాహకాలు సుమారు 25 రకాలు ఉండగా వాటిలో ఇదొకటి. ఈ జన్యువు రూపాన్ని బట్టి ఆల్కహాల్ చేదు కూడా కొందరికి ఎక్కువగా, కొందరికి తక్కువగా తెలుస్తుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. చేదు బాగా తెలిసేవారు తియ్యటి వైన్ కోరుకుంటే దాన్ని అభిరుచి లోపంగా చూడటం సరికాదు. వారి నోటికి అందే సమాచారమే వేరు.

తీపి మీద మక్కువ మాత్రం అందరిలోనూ పుట్టుకతోనే ఉంటుంది. నవజాత శిశువు నాలుకపై తీపి చుక్క వేస్తే మొహం విప్పారుతుంది, చేదు తగిలితే ముడుచుకుంటుంది. ప్రకృతిలో తీపి అంటే శక్తినిచ్చే ఆహారం, చేదు అంటే విషం ఉండవచ్చన్న హెచ్చరిక. పిల్లలు పెద్దలకన్నా ఎక్కువ తీపిని ఇష్టపడతారు, కౌమారం దాటాక అది తగ్గుతుంది. చేదును ఇష్టపడటం అలవాటుతో వస్తుంది. ఫిల్టర్ కాఫీ, కాకరకాయ వేపుడు ఎవరికీ తొలిరోజే నచ్చవు. హాని జరగడం లేదని పదేపదే తెలిశాక మెదడు ఆ హెచ్చరికను పక్కన పెడుతుంది.

దీనికి సమాజంలో హోదా కూడా తోడవుతుంది. డ్రై వైన్ తాగడం నాగరికతకు గుర్తు అన్న భావన చాలాచోట్ల ఉంది. జనం మాటల్లో డ్రై అంటారు, తాగేది మాత్రం తీపి అని అమెరికా వైన్ వ్యాపారుల్లో ఒక నానుడి కూడా పుట్టింది.

హెచ్చరికను మూసేస్తే

ఇంతవరకు ఇది రుచి ముచ్చటే. కానీ చేదు, మంట శరీరం ఇచ్చే హెచ్చరికలైతే, తీపి ఆ హెచ్చరికలను మూసేస్తోందన్నమాట. కాలేయానికి మాత్రం తీపి పొర కనిపించదు. దానికి చేరేది ఆల్కహాల్ అణువులే.

లెక్క చూద్దాం. 13 శాతం ఉన్న డ్రై వైన్ 100 మిల్లీలీటర్లలో సుమారు 10 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 20 శాతం ఉన్న పోర్ట్‌లో అదే పరిమాణానికి దాదాపు 16 గ్రాములు. గ్రాముకు 7 కేలరీల చొప్పున పోర్ట్‌లోని ఆల్కహాల్ నుంచే సుమారు 110 కేలరీలు వస్తాయి. దానికి చక్కెర నుంచి మరో 36 కలుస్తాయి. మధుమేహం ఉన్నవారికి ఈ రెండూ లెక్కలోకి వచ్చేవే. పోర్చుగల్‌లో పోర్ట్‌ను చిన్న గ్లాసుల్లో, భోజనం ముగిశాక కొద్దికొద్దిగా తాగే ఆనవాయితీ ఉంది. ఆ ఆనవాయితీ లేని చోట మామూలు వైన్ గ్లాసు నిండా పోసుకుంటే శరీరంలోకి వెళ్లే మోతాదు ఒకటిన్నర రెట్లు అవుతుంది. నాలుక ఆ సంగతి చెప్పదు.

ఎర్ర వైన్ గుండెకు మంచిదన్న ప్రచారం కూడా ఇక్కడ ఆసరా కాదు. మద్య పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యానికి ఏ హానీ చేయని మద్యం మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఆ సంస్థ అంచనా ప్రకారం 2019లో మద్యం కారణంగా ప్రపంచవ్యాప్తంగా 26 లక్షల మంది మరణించారు. గర్భిణులకు, కౌమారంలో ఉన్నవారికి ప్రమాదం మరింత ఎక్కువ. తీపిని సహజంగా కోరుకునే వయసు కూడా కౌమారమే కావడం ఆలోచించాల్సిన విషయం.

తియ్యటి వైన్‌ను ఎంచుకునేవారి నాలుక తప్పు చేయడం లేదు. లక్షల ఏళ్లుగా అది నేర్చుకున్న పాఠాన్నే పాటిస్తోంది. తియ్యటి పండు మంచిదన్నది అడవిలో నమ్మదగ్గ పాఠమే. అయితే ఈస్ట్‌ను సగంలో ఆపి, సారా పోసి సీసాలో నింపిన పండ్ల రసం అడవిలో లేదు. అలాంటి సీసా ముందున్నప్పుడు బలమెంతో చెప్పేది రుచి కాదు, లేబుల్ మీద చిన్న అక్షరాల్లో అచ్చువేసిన ఆల్కహాల్ శాతం.