ట్రాక్టరు నాగలిని ఎత్తనప్పుడు

నగర్తపేటలో కాపురముండు తెలుగు కుటుంబములలో కొన్నింటికి బాగేపల్లి, ములబాగిలు, హిందూపురము, మదనపల్లె ప్రాంతములందు నేటికిని కొంత భూమి కలదు. అచ్చట సేద్యము చూచుకొను అన్నగారో మేనమామగారో దుక్కిదినములలో ఒకనాడు ఫోను చేయుదురు: “లిఫ్టు లేవడం లేదు. పంపు పోయిందంటున్నారు. జె.సి. రోడ్డులో కొత్తది కొని పంపు.” ఆ రోడ్డు మన పేటకు ఎంతో దూరము లేదు కావున వెంటనే డబ్బు పట్టుకొని బయలుదేరుదుము. పంపు వెల కొద్దిపాటిది కాదు. దానిని బిగించిన పిదప కూడ నాగలి నేలనే ఉండిపోయినచో డబ్బును పోవును, తొలకరి పదునును పోవును. పంపుకంటె ముందు అనుమానింపదగిన చిన్న కారణములు పెక్కు కలవు. వానిని గుర్తించు విధమును తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

ట్రాక్టరు వెనుక రెండు క్రింది కడ్డీలును ఒక పైకడ్డీయును కలిసి మూడుచోట్ల పనిముట్టును పట్టుకొనును. ఈ పద్ధతిని ద్రవపీడనముతో జోడించి ప్రచారములోనికి తెచ్చినవాడు ఐర్లండువాడగు హారీ ఫెర్గూసన్. ఆయన పేరిట టి.ఇ.20 అను ట్రాక్టరు 1946లో ఇంగ్లండునందలి కావెంట్రీలో తయారగుట మొదలైనది. 1960లో మదరాసులో వెలసిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన దేశమున తయారుచేసెను. బెంగుళూరున 1953లో నెలకొల్పబడిన హెచ్.ఎం.టి. వారు 1971 నుండి పింజోరులో జెటార్ పద్ధతి ట్రాక్టర్లను చేసిరి. ఆ శాఖను మూసివేయుటకు 2016లో కేంద్రప్రభుత్వము నిర్ణయించెను. కర్మాగారము మూతపడినను బండ్లు పొలములలో తిరుగుచునే యున్నవి.

లిఫ్టు పనిచేయు తీరు సులభమైనదే. పంపు నూనెను ఒక జాలిగుండా పీల్చి సిలిండరులోనికి నెట్టును. లోపలి పిస్టను కదలి, పై చేతులను త్రిప్పి, క్రింది కడ్డీలను లేపును. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన పీడనము అన్ని వైపులకు సమముగా వ్యాపించునని పాస్కల్ 17వ శతాబ్దమున చెప్పిన సూత్రమే దీనికి మూలము. ఉదాహరణకు, చదరపు సెంటీమీటరుకు 150 కిలోల పీడనముగల నూనె 45 చదరపు సెంటీమీటర్ల పిస్టనును త్రోసినచో, ఆ బలము 6,750 కిలోలగును. కడ్డీల కొనలకు చేరునప్పటి కది చాల తగ్గును గాని, నాగలి నెత్తుటకు చాలియుండును.

ఇందు రెండు పనులు ఇమిడియున్నవి. ఎత్తుట ఒకటి, ఎత్తినదానిని పట్టి నిలుపుట మరియొకటి. ఎత్తునది పంపు. నిలుపునవి పిస్టను సీళ్ళును, వాల్వులును, గొట్టపు జాయింట్లలోని ఓ-రింగులును. ఈ భేదము తెలిసినచో సగము పరీక్ష అయినట్లే.

అయితే స్పానరు పట్టుటకు ముందే చూడవలసినవి కొన్ని యున్నవి. బండిని సమతలమున నిలిపి, కడ్డీలను దింపి, నూనె మట్టము చూడవలెను. లాగుడుబరువును బట్టి పనిముట్టును లేపి దింపు లివరును, ఎత్తును నిలుపు లివరును వేరువేరుగా నున్న బండ్లలో ఒకటి తప్పుచోట నుండుటయు కలదు. దానిని సరిచేయగానే ‘చెడిన’ లిఫ్టు లేచును! పాత టి.ఇ.20లో పి.టి.ఓ. లివరు వేయనిదే పంపే తిరుగదు. ట్రాలీని ఎత్తుటకై నూనెను బయటికి మళ్ళించు కుళాయి ఉన్నచో అది ఏ వైపున నున్నదో చూడవలెను.

తరువాత నూనె స్థితి. వరిమడిలో దమ్ము చేయు బండ్లకు ఇరుసు సీళ్ళగుండా బురదనీరు లోపలికి చేరును. నీరు కలిసిన నూనె మజ్జిగవలె తెల్లబడును. అట్టి నూనెకు క్రొత్తనూనె చేర్చుట వ్యర్థము. అంతయు దింపి, జాలిని శుభ్రపరచి, పుస్తకములో చెప్పిన రకమునే పోయవలెను. పంపు ఈలవేసినట్లు మూలిగినచో జాలి మూసుకొనిపోయినదనియో, పీల్చు దారిలో గాలి దూరుచున్నదనియో అనుమానింపవచ్చును. చల్లగా నున్నప్పుడు లేచి, గంటసేపు దున్నిన పిమ్మట లేవకున్నచో, వేడికి పలుచబడిన నూనె అరిగిన భాగముల సందులనుండి జారిపోవుచున్నదని అర్థము.

ఇక ముఖ్యమైన పరీక్ష. పనిముట్టును పైకెత్తి, ఇంజను ఆపి, కడ్డీ యెత్తును సుద్దతో గోడపైనో కొయ్యపైనో గుర్తించి దూరముగా నిలువవలెను. కొద్ది నిమిషములలోనే నేలకు దిగినచో నిలుపు భాగములలో కారుడున్నది. పంపు దోషము కాదు. ఇంజను నడచుచుండగా నాగలి తలయూచినట్లు కొంచెము దిగి, మరల లేచుచుండుట కూడ ఇదే రోగము. కొంచెము దిగగానే వాల్వు తెరచుకొని పంపు దానిని మరల నెత్తుచుండును. ఎత్తినది చక్కగా నిలుచుచు, బరువును మాత్రము ఎత్తలేకున్నచో అప్పుడు జాలిని, పీడనము మితిమీరకుండ కాపాడు రిలీఫ్ వాల్వు స్ప్రింగును, చివరకు పంపును అనుమానింపవలెను.

ఈ పరీక్షలలో ఒక విషయమున తల్లిదండ్రులు మిక్కిలి కఠినముగా నుండవలెను. సెలవులకు ఊరికి వెళ్ళిన పిల్లలకు ట్రాక్టరు ఆటవస్తువువలె కనబడును. నూనె పీడనమును మాత్రమే నమ్మి పైకెత్తిన రోటవేటరు క్రిందికి ఎవ్వరును పోరాదు. దిమ్మెలు పెట్టనిదే మేస్త్రీ సైతము చేయి పెట్టరాదు. గొట్టములో సన్నని చిల్లి యున్నదేమోయని వ్రేలితో తడుముట మరింత అపాయకరము. ఆ సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. గాయము చీమకుట్టినంతయే కనబడినను, నొప్పి లేకున్నను, వెంటనే శస్త్రవైద్యుని యొద్దకు పోవలెను. ఆలస్యమైనచో వ్రేలో చేయో తీసివేయవలసి రావచ్చును. కారుడును అట్టముక్క నడ్డుపెట్టి చూడవలెను.

సీలే కావలసివచ్చినచో, ఊరివారిని పాతదానిని పంపుమని కోరుట మేలు. కొన్ని సీళ్ళపై లోపలి వ్యాసము, వెలుపలి వ్యాసము, మందము మిల్లీమీటర్లలో ముద్రించియుండును. ఇంగ్లండు బండ్ల కొలతలు అంగుళములలో నుండును గనుక, కంటికి సరిపోయినట్లు తోచిన ఓ-రింగు పది దినములకే కారవచ్చును. నూనెను తట్టుకొను నైట్రైలు రబ్బరుదే అడుగవలెను. బిగించునప్పుడు సీలు పెదవి పీడనమువైపు తిరిగియుండవలెను. తారుమారైన క్రొత్తసీలు పాతదానికంటె త్వరగా కారును.

బిగించిన తరువాత నూనె పోసి, బరువులేకుండ పలుమార్లు ఎత్తి దింపి, గాలి పోయిన పిమ్మట మట్టమును మరల చూడవలెను. అప్పటికిని బరువెత్తకున్నచో మేస్త్రీచేత పీడనమాపకమును తగిలించి చూపించి, పుస్తకములోని అంకెతో పోల్చుకొనవలెను. రిలీఫ్ వాల్వు సరిగానున్నను అంకె మిక్కిలి తగ్గియున్నచో, పంపు కొనవచ్చును. బండి నమూనాను, పాత పంపుమీది సంఖ్యను చీటిపై వ్రాసికొని మరీ జె.సి. రోడ్డునకు పోవలెను.